ఏడో నంబరు సీసా

నా తెలివితక్కువతనం గురించి ముందు నేనే చెప్పేస్తాను. వేరేవాళ్లు చెబితే ఎక్కువ చేసి చెబుతారని భయం. నాకు రంగునీళ్లు కలపడం నేర్పిన మనిషికే నేను రంగునీళ్లు కలిపిచ్చాను. ఇచ్చి, అది మద్రాసు నుంచి వచ్చిన మందని చెప్పాను. చెప్పి, ఆవిడ నమ్మారని నమ్మాను. ఈ మూడింటిలో ఏది పెద్ద బుద్ధితక్కువ పనో ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.

అరవైల మొదట్లో నేను బందరులో ఒక మిషన్ ఆసుపత్రిలో కాంపౌండరుని. ఇప్పటి ఫార్మసీ కుర్రాళ్లకి ఆ మాట తెలియకపోవచ్చు. మీకు మందులు రేకుల్లో పుట్టి రేకుల్లోనే పెరుగుతున్నాయి. మా రోజుల్లో మందు కలపాలి. పెద్ద జాడీల్లోంచి కొలిచి పోసి, నీళ్లు చేర్చి, సీసాకెత్తి, పొడుగాటి కాగితం ముక్కని డోసుకొక గాటు చొప్పున కత్తిరించి సీసా పక్కన అంటించాలి. రోగి ఆ గాట్లు చూసుకుంటూ పూటకొక గాటు తాగేవాడు. కాంపౌండరంటే కలిపేవాడు. మందు కలపడం నాకు త్వరగానే వచ్చింది. మాట కలపడం మాత్రం చాలాకాలం రాలేదు. ఈ కథంతా ఆ రెండింటి మధ్య సందులో జరిగింది.

అప్పట్లో సీసాలకి కరువు. మందు అయిపోగానే సీసా కడిగి తెచ్చి నా కిటికీలో ఇవ్వాలి. ఇవ్వకపోతే ఇంకో సీసా మందు దొరకదు. ఈ రూలు పెట్టింది మా పెద్ద సిస్టరు గారు. నర్సులందరికీ ఆవిడ పెద్ద. పేరు పెట్టి పిలిచే ధైర్యం ఎవరికీ లేకపోవడం వల్ల ఆవిడ పేరుతో ఎవరికీ పని పడలేదు. కోడూరు దగ్గర పల్లెలో, వరి కోతలకి వెళ్లే ఇంట్లో పుట్టి, మిషన్ వారి బడిలో చదువుకుని, పెళ్లి మాట పక్కనపెట్టి ఈ ఆసుపత్రికి వచ్చేసిన మనిషి. రోజూ ఒకసారి నా గదిలోకొచ్చి, నేను కడిగి బోర్లించిన సీసా ఏదో ఒకటి తీసి, చెయ్యి పైకెత్తి వెలుతురులో పెట్టి చూసేవారు.

"అడుగున మడ్డి ఉందయ్యా. మళ్లీ కడుగు."

మడ్డి ఉన్నా ఇదే మాట, లేకపోయినా ఇదే మాట. నా పెళ్లినాడు కూడా పాస్టరు గారి దీవెన అయ్యాక ఈవిడొచ్చి నన్ను వెలుతురులో పెట్టి చూస్తారేమోనని భయపడ్డాను.

స్టాకు మిక్చర్లకి మా దగ్గర నంబర్లుండేవి. ఒకటి జ్వరానికి, రెండు దగ్గుకి, మూడు అజీర్తికి, అలాగా. ఏడు మాత్రం దేనికీ కాదు. నేలవేము కషాయం, కాస్త నారింజ తొక్క టింక్చరు, ఎర్ర రంగు, మిగతాదంతా కుళాయి నీళ్లు. కోసి పంపిన ముక్క మీద రిపోర్టు రావాలనీ, పెద్దాసుపత్రిలో మంచం ఖాళీ కావాలనీ ఎదురుచూసేవాళ్లకి ఇచ్చేవాళ్లం. కనిపెట్టింది పెద్ద సిస్టరు గారే.

"ఊరికే కూర్చోబెడితే భయం పుడుతుందయ్యా. పూటకొక గాటు తాగాలనుకో, ఆ గాటు కోసం చూస్తారు. పెద్ద ఎదురుచూపుని చిన్న చిన్న ముక్కలు చేసి ఇవ్వడమే మన పని."

"అయితే కాస్త తియ్యగా చేద్దామాండీ?"

"తియ్యగా ఉంటే మందని ఎవరు నమ్ముతారు? ముఖం చిట్లించాలి. చిట్లించిన ముఖంలో ఏడుపు కనపడదు."

ఏడవకుండా ఉండడానికిచ్చే మందుకి ఏడో నంబరు ఎవరు పెట్టారోగాని, మంచి పనే చేశారు. అయితే ఇంకో రకం వాళ్లకి కూడా మేం ఏడో నంబరే ఇచ్చేవాళ్లం. ఇక చెయ్యగలిగిందేమీ లేక ఇంటికి పంపేసేవాళ్లకి. ఉత్త చేతులతో పంపడానికి మా డాక్టరమ్మగారికి మనసొప్పేది కాదు. ఈ సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. అవసరమైనప్పుడు నాకు గుర్తు రాలేదు.

పెద్ద సిస్టరు గారికి రొమ్ములో గడ్డ తగిలింది. స్నానం చేస్తుంటే తనకే తగిలింది. ఆ గడ్డని పెట్టుకునే కొన్నాళ్లు అందరి జ్వరాలూ చూశారు. ఆఖరికి డాక్టరమ్మగారికి చెప్పారు. కుడి పక్క రొమ్ము తీసేశారు. కోసిన ముక్కని మందునీళ్ల జాడీలో పెట్టి పరీక్షకి పంపించింది నేనే. ఆ జాడీ మూత ఎంత వంకరగా బిగించానంటే, అది చూసి ఉంటే ఆవిడ నన్ను కిటికీలోంచి బయటికి విసిరేసేవారు.

రిపోర్టు వచ్చింది. కాన్సరే. చంకలోకి కూడా పాకింది.

డాక్టరమ్మగారు దాచలేదు. నర్సు దగ్గర దాస్తే దాగదు. "కత్తితో సగం పనే అయింది. మిగతా సగం కరెంటుతో కావాలి. ఆలస్యం చేస్తే ఈ సగం కూడా దండగే," అన్నారు. కరెంటు పెట్టడం అనేవాళ్లం అప్పుడు, ఆ కిరణాల వైద్యాన్ని. దానికి మద్రాసు వెళ్లాలి. మద్రాసు పెద్దాసుపత్రికి రాశారు. మంచం ఖాళీ అయినప్పుడు తంతి, అంటే టెలిగ్రాం, ఇస్తామనీ, చెప్పిన రోజుకి రాకపోతే ఆ మంచం వరసలో తర్వాతి వాళ్లకి ఇచ్చేస్తామనీ జవాబు వచ్చింది.

ఇక అప్పట్నుంచి మొదలైంది మా ఆసుపత్రి మొత్తానికి జబ్బు. మధ్యాహ్నం తపాలా బంట్రోతు సైకిలు గంట వినపడితే చాలు, వార్డులో థర్మామీటర్లు నోళ్లలోనే ఉండిపోయేవి. ఆపరేషన్ గదిలోంచి డాక్టరమ్మగారు తల బయట పెట్టి చూసేవారు. పెద్ద సిస్టరు గారు మాత్రం ఆసుపత్రి వెనక తన క్వార్టర్సు మెట్టు మీద కూర్చుని ఉండేవారు. తపాలా వస్తోందని తెలిసీ తల తిప్పేవారు కాదు. తిప్పకుండా ఉండడానికి మెడ ఎంత బిగపట్టేవారో ఆవిడ ఇంట్లో కూడా పని చేసే మా ఆసుపత్రి ఆయమ్మ చెప్పింది: "కోత పెట్టింది ఒకచోటైతే నొప్పి మెడలో అండీ ఈవిడకి."

పరామర్శకి వచ్చేవాళ్లు వేరే. బత్తాయిలూ, కథలూ పట్టుకొచ్చేవారు. బత్తాయిలు బాగానే ఉండేవి. కథల్లో మాత్రం ఒక మేనత్తో పిన్నత్తగారో ఉండేది. ఆవిడకి ఇలాగే గడ్డ, ఇలాగే ఆపరేషను, ఆ తర్వాత... అని ఆగి, కళ్లొత్తుకుని, "మీకేం కాదులెండి సిస్టరు గారూ" అని లేచిపోయేవారు. వాళ్లు వెళ్లాక ఆవిడ ఆయమ్మతో అనేవారట, "ఇవాళ ముగ్గురు అత్తయ్యలు పోయారే," అని.

కోసిన వైపు చెయ్యి భుజం దాటి లేచేది కాదు. లేపకపోతే బిగుసుకుపోతుందని డాక్టరమ్మగారు రోజూ గోడకి ఆనించి వేళ్లతో పైకి పాకించమన్నారు. వేళ్లు ఎక్కడ ఆగితే అక్కడ ఆయమ్మ బొగ్గుతో గీత గీసేది. ఆ గీతలన్నీ ఒకదాని మీద ఒకటి పడి ఒకటే నల్లటి పట్టీ అయిపోయింది. పట్టీ దాటి గీత పైకి ఎక్కలేదు.

నిద్ర లేదు. నిద్రబిళ్లలిస్తే వద్దన్నారు. సరిగ్గా అక్కడ నాకు తెలివి పుట్టింది.

ఏడో నంబరు ఇవ్వాలి. కాని ఇస్తే గుర్తుపట్టేస్తారు. కనక ఎర్ర రంగు మానేసి ఆకుపచ్చ రంగు వేశాను. నారింజ టింక్చరు బదులు పెప్పర్మెంటు చుక్కలు వేశాను. నేలవేము మాత్రం ఉంచాను, ముఖం చిట్లించాలి కదా. మాకు వాడుకలో లేని నలుచదరం సీసా ఒకటి వెతికి, గాట్ల కాగితం అంటించి, చంకలో పెట్టుకుని వెళ్లాను.

"ఏంటయ్యా ఇది?"

"మద్రాసు మందండీ. కరెంటు పెట్టేముందు బలం పట్టడానికి అక్కడ ఇదే ఇస్తారట. డాక్టరమ్మగారు తెప్పించారు."

ఆవిడ ఒక గాటు గ్లాసులో పోసుకుని తాగారు. కళ్లు మూసుకున్నారు. కళ్లు తెరిచి నా ముఖంలోకి చాలాసేపు చూశారు. సీసాని వెలుతురులో పెట్టి చూస్తారేమోననుకున్నాను. పెట్టలేదు.

"చేదుగా ఉందయ్యా."

"మద్రాసు వాళ్లంతేనండీ."

"పెప్పర్మెంటు కూడా వేస్తారన్నమాట మద్రాసు వాళ్లు," అన్నారు. "మంచిది. డాక్టరమ్మగారే తెప్పించారన్నమాట."

"అవునండీ. ఆవిడే."

ఆ రాత్రి నుంచి ఆవిడ నిద్రపోయారు. సైకిలు గంటకి ఎదురుచూడడం మానేశారు. మెడ నొప్పి పోయింది. అత్తయ్యల కథలు వింటూ పైగా తనే ఊ కొట్టేవారు. గోడకి చెయ్యి పాకించడం కూడా మానేశారు. విశ్రాంతి తీసుకుంటున్నారని అనుకున్నాను. బీరువా తాళాలు చిన్న సిస్టరుకి ఇచ్చేశారు. చొక్కాకి పిన్నీసుతో పెట్టుకునే గడియారం ఇంకో నర్సుకిచ్చారు. నన్ను పిలిచి తన కత్తెర ఇచ్చారు.

"దీంతో గాట్లు సమానంగా పడతాయి. నీవి ఎప్పుడూ వంకరే."

నా మందు ఇంత గొప్పగా పని చేస్తుందని నేను కూడా అనుకోలేదు. కత్తెర బహుమానం అనుకున్నాను! ఆవిడకి నిద్ర పట్టింది, నాకు మెలకువ రాలేదు. అంతే జరిగింది.

శుక్రవారం మధ్యాహ్నం తంతి వచ్చింది. మంచం ఖాళీ అయింది, సోమవారం ఉదయానికి రావాలి. ఆ కాగితం పట్టుకుని నేను క్వార్టర్సుకి పరిగెత్తాను. తలుపుకి తాళం. మెట్టు మీద ఆయమ్మ ఒక కుంపటి ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉంది.

"సిస్టరు గారేరి?"

"అన్నగారొచ్చారండీ. పొద్దున్న బస్సుకి ఊరికి తీసుకెళ్లిపోయారు."

"ఎప్పుడొస్తామన్నారు?"

"ఈ కుంపటి నన్ను ఉంచేసుకోమన్నారండీ. కుంపటి ఇచ్చేసినావిడ మళ్లీ వస్తదా?" ఆయమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది. "ఆ పచ్చ సీసా ఒకటి సంచీలో పెట్టుకున్నారు. ఎందుకమ్మా, ఖాళీ చేసి ఇచ్చేద్దురూ అంటే, 'వద్దే. ఇది డాక్టరమ్మగారు నాకిచ్చిన ఆఖరి చీటీ' అన్నారండీ. నాకేం అర్థం కాలా."

నాకర్థమైంది. మొదటి గుక్కలోనే గుర్తుపట్టారు. గుర్తుపట్టి, ఎదురుచూసేవాళ్ల మందని అనుకోలేదు. ఇంటికి పంపేసేవాళ్ల మందనుకున్నారు. మద్రాసు నుంచి ఇక కబురు రాదనీ, వచ్చినా లాభం లేదనీ, ఆ మాట తనకి చెప్పలేక డాక్టరమ్మగారు నా చేత సీసా పంపించారనీ అనుకున్నారు. అందుకే ఆ నిద్ర. ఆశ వదులుకున్నవాళ్లు పడుకునే నిద్ర అది. దాన్ని నేను నా ప్రయోజకత్వం కింద జమకట్టుకున్నాను.

డాక్టరమ్మగారి గదిలోకి వెళ్లి ఉన్నదంతా చెప్పాను. ఆవిడ కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"ఏడో నంబరు ఇచ్చావా? ఆవిడకా?"

"రంగు మార్చానండీ."

"రంగు మార్చగలిగినవాడివి బుద్ధి మార్చుకోలేకపోయావా!" ఆవిడ లేచి నిలబడ్డారు. "ఈ మంచం పోతే మళ్లీ ఎప్పటికొస్తుందో తెలుసా నీకు? అప్పటికి చంకలోది ఎక్కడికి పాకుతుందో తెలుసా? వెళ్లు. నువ్వే వెళ్లి తీసుకురా. రేపు సాయంత్రానికి ఆవిడ ఇక్కడ ఉండాలి. తేలేకపోతే నువ్వూ రాకు."

ఆ రోజుకి బస్సులు అయిపోయాయి. శనివారం తెల్లారి మొదటి బస్సెక్కాను. అప్పటికే బందరు రేవులో తుఫాను హెచ్చరిక ఎగరేశారని బస్సులో చెప్పుకుంటున్నారు. చల్లపల్లి దాటేసరికి గాలి మొదలైంది. అవనిగడ్డలో దిగితే కోడూరు బస్సు లేదు, రోడ్డు బురదగా ఉందన్నారు. ఒక అద్దె సైకిలు తీసుకున్నాను. పొట్టమీదున్న వరి అంతా ఒకే పక్కకి ఒరిగి ఉంది. ఆ గాలి నన్ను కూడా అటే ఒరగమంది. తొక్కినంతసేపు తొక్కాను, తోసినంతసేపు తోశాను. కొంతసేపు సైకిలే నన్ను తోసిందని నా అనుమానం.

వాళ్ల అన్నగారిది తాటాకిల్లు. ఆయన ఇంటి మీదుగా మోకు విసిరి గుంజకి బిగిస్తున్నాడు, గాలికి కప్పు లేచిపోకుండా. అరుగు మీద మా పెద్ద సిస్టరు గారు కూర్చుని, కుడి చెయ్యి ఒళ్లో పెట్టుకుని, ఎడం చేత్తో చూపిస్తున్నారు.

"అటు కాదన్నయ్యా, మూలకి బిగించు. ముడి జారిపోతుంది." అని, నన్ను చూసి, "నువ్వేంటయ్యా ఈ గాలిలో?" అన్నారు.

"తంతి వచ్చిందండీ. మంచం ఖాళీ అయింది. సోమవారం పొద్దుటికి మద్రాసులో ఉండాలండీ. రండి."

ఆవిడ కదల్లేదు. తంతి కాగితం చూడనుకూడా లేదు.

"ఏడో నంబరు తాగేవాళ్లని మద్రాసు ఎందుకయ్యా పంపడం? డబ్బు దండగ, అన్నయ్యకి శ్రమ. డాక్టరమ్మగారు మంచావిడ. ఆవిడ మొహమాటానికి నేను ఆ మంచం ఇంకొకరికి లేకుండా చెయ్యలేను."

"డాక్టరమ్మగారికి ఆ సీసా సంగతి తెలీదండీ! నేనే... మీకు నిద్ర పట్టాలని నేనే ఇచ్చానండీ. ఎదురుచూసేవాళ్లకి ఇచ్చే మందే కదండీ అది!"

"ఎవరికిస్తామో నాకు చెబుతావా? నేను కనిపెట్టిన మందు." ఆవిడ గొంతు పెంచలేదు. దానికే నాకు భయం వేసింది. "ఆ సీసా తలగడ దగ్గర పెట్టుకుని ఎంతమంది పోయారో నేను చూశాను. నాగాయలంక నుంచి వచ్చిన ఆ టీచరమ్మ. గుడివాడ బియ్యం మిల్లు గుమస్తా గారి భార్య. తోట్లవల్లూరు పెద్దాయన, గాటు ఒకటి మిగిలుండగానే. వాళ్ల కళ్లు మూసింది నేను. ఏడో నంబరు తాగి బతికినవాళ్లెవరో ఒక్కరిని చెప్పు."

అన్నగారు మోకు పట్టుకునే నిలబడిపోయాడు. ఆవిడ చెప్పినవాళ్లందరూ పోయిన మాట నిజం. నేను తడుముకుంటూ నా కిటికీని తలుచుకున్నాను. నా ఉద్యోగమంతా ఆ కిటికీలోంచి చూసిందే.

"చిలకలపూడి నుంచి వచ్చేవారండీ, కవరింగు నగల పనాయన భార్య. మెడ దగ్గర గడ్డ. ఎర్రసీసా తాగుతూ నెలల తరబడి మంచం కోసం చూశారు."

"పోయింది కదూ?"

"పోవడమేంటండీ! మొన్న వచ్చి నన్ను తిట్టి వెళ్లారు. సీసాకి మూత తేలేదని వెనక్కి పంపానని. ఇంకా... ఇనుగుదురుపేట టైలరు సాయిబు గారి తల్లి. సీసా ఎప్పుడూ బూడిద పెట్టి తోమి తళతళలాడించి తెస్తారు, మీరు నన్ను ఆ సీసా చూసి నేర్చుకోమంటారు కదండీ. ఆ సీసా ఎవరిదనుకున్నారు?"

"ఆవిడదా? ఆవిడ మూడో నంబరు కాదూ?"

"ఇప్పుడు మూడండీ. ముందు ఏడు."

నాకు అప్పుడే తట్టింది. తట్టిందే తడవుగా అనేశాను, ఆలోచించి ఉంటే చెడగొట్టేవాణ్ణి.

"మీరు వార్డులో ఉంటారండీ. పోయేవాళ్లు మీ దగ్గర ఉంటారు. బాగైనవాళ్లు మీకు దణ్ణం పెట్టి వెళ్లిపోతారు, మళ్లీ కనపడరు. వాళ్లంతా నా కిటికీకి వస్తారండీ, సీసాలు తిరిగివ్వడానికి. సీసా తెచ్చినవాళ్లని నేను చూస్తాను. తేనివాళ్లని మీరు చూస్తారు. మనిద్దరం ఒకే మందు ఇస్తున్నామండీ. మీకు ఒక సగమే తెలుసు."

గాలికి తాటాకులు చప్పుడు చేస్తున్నాయి. అన్నగారు మెల్లిగా, "చెల్లాయ్, బండి కట్టమంటావా?" అన్నాడు.

ఆవిడ లేచి లోపలికి వెళ్లారు. వచ్చేటప్పుడు ఎడం చేతిలో ఆ నలుచదరం సీసా ఉంది. మొదటి గాటు తప్ప అంతా మిగిలే ఉంది. గుర్తుపట్టాక తాగడం మానేశారన్నమాట.

"నన్ను నమ్మమంటావు."

"అవునండీ."

"ఇది ఎదురుచూసేవాళ్ల మందేనంటావు."

"అవునండీ."

"నేను రైలెక్కేదాకా నువ్వు కూడా ఎదురుచూడాలిగా. తాగు."

"ఒక గాటాండీ?"

"గాట్లెందుకు? వంకరగా ఉన్నాయి. మొత్తం తాగు."

తాగాను. అరుగు మీద, అన్నగారూ వదినగారూ, గోడ పక్కన గాలికి నక్కిన రెండు మేకలూ చూస్తుండగా. నేలవేము కడుపులోకి, పెప్పర్మెంటు తలకాయలోకి వెళ్లాయి. నా ముఖం చిట్లిన తీరు చూసి వదినగారు కొంగు నోట్లో కుక్కుకున్నారు. పెద్ద సిస్టరు గారు నవ్వారు. ఆపరేషన్ అయ్యాక ఆవిడ నవ్వడం అదే మొదలు. నవ్వితే కుట్లు లాగాయి, "అబ్బా" అని చెయ్యి అదిమిపట్టుకున్నారు. అదిమిపట్టుకునే, "బండి కట్టన్నయ్యా. ఈయన కడుపు తిప్పేలోపల వెళ్లిపోదాం," అన్నారు.

ఖాళీ సీసా కడిగి సంచీలో వేసుకున్నారు. ఎందుకని నేను అడగలేదు. అడిగే స్థితిలో లేను.

అవనిగడ్డ చేరేసరికి బందరు బస్సు ఆగి ఉంది. డ్రైవరు కదలనంటున్నాడు. "గాలి చూశారా సార్? దారిలో చెట్లు పడతన్నాయి. నేను తియ్యను." అన్నగారు బతిమాలాడు, నేను బతిమాలాను. పెద్ద సిస్టరు గారు బండి దిగి నెమ్మదిగా వచ్చి బస్సు ముందు నిలబడ్డారు.

"మీ ఆవిడది రెండో కాన్పు కదూ? అడ్డం తిరిగిన పిల్ల."

డ్రైవరు దిగిపోయి చేతులు కట్టుకున్నాడు. "సిస్టరు గారా అండీ? చూడలేదండీ."

"ఆ రోజు కూడా ఇలాగే గాలీ వానా. నేను రాను అనలేదు."

బస్సు కదిలింది. ఎంత మెల్లిగా కదిలిందంటే, మేం ఎక్కింది బస్సా, ఎద్దుబండేనా అని నాకు అనుమానం వచ్చింది. ఒకచోట కొమ్మ అడ్డంగా పడితే మగవాళ్లందరం దిగి లాగాం. నా కడుపులో ఉన్నదంతా అక్కడ దివిసీమ చివరి నేలకి సమర్పించుకున్నాను.

మర్నాడు ఆదివారం బందరులో రైలెక్కించాం. మద్రాసుకి ఆవిడతో అన్నగారూ వదినగారూ. నేను గుడివాడ దాకా తోడు వెళ్లాను, అక్కడ్నుంచి వెనక్కి గుడ్లవల్లేరు మా ఇంటికి పోవచ్చని. తుఫాను మమ్మల్ని పక్కకి నెట్టి పైకెక్కడికో పోయింది, గాలి మాత్రం వదల్లేదు. గుడివాడ స్టేషన్లో బండి ఆగిపోయింది. ముందు లైను మీద ఏదో పడిందన్నారు. బెజవాడలో మద్రాసు మెయిలు అందుకోకపోతే సోమవారం లేదు, మంచం లేదు.

అన్నగారు స్టేషన్ మాస్టరు గది చుట్టూ తిరుగుతున్నాడు. నేను కిటికీ పక్కన ప్లాట్‌ఫారం మీద నిలబడ్డాను. మొదటిసారి కిటికీకి బయట నేను, లోపల ఆవిడ.

"భయంగా ఉందయ్యా," అన్నారు. ఎవరితోనూ అనని మాట అది.

నా చేతిలో సీసా లేదు. జేబులో చుక్కల మందు కూడా లేదు. కలపడానికి ఏమీ లేకపోయేసరికి, "నాక్కూడానండీ," అన్నాను.

ఆవిడ తల ఊపారు. చాలాసేపటికి సిగ్నలు పడింది. బండి కదిలేటప్పుడు ఆవిడ చెయ్యి ఊపబోయి, కుడి చెయ్యి లేవక, ఎడం చెయ్యి ఊపారు.

మెయిలు అందింది. మంచం దొరికింది. నెలల తర్వాత ఆవిడ తిరిగొచ్చారు, మెడ కింద చర్మం నల్లగా మాడి, సగమై. కుడి చెయ్యి అప్పటికీ భుజం దాటి లేవడం లేదు. అంతటితో అయిపోయిందని మీరు అనుకోవద్దు. ఆరేసి నెలలకొకసారి మద్రాసు వెళ్లి చూపించుకోవాలి, ప్రతిసారీ మళ్లీ తపాలా కోసం చూడాలి. ఎదురుచూపు నయమయ్యే జబ్బు కాదని ఆవిడే అనేవారు. ఏడో నంబరు మాత్రం మానేయలేదు. కాకపోతే ఇచ్చేముందు రోగి పక్కన బల్ల మీద కూర్చుని, "ఇది రంగునీళ్లమ్మా. నేనూ తాగాను. కాంపౌండరు గారు ఇంకా ఎక్కువ తాగారు," అని చెప్పి ఇచ్చేవారు. వింతేమిటంటే చెప్పినా తాగేవారు. నా సంగతి విని నవ్వినవాళ్లకి మిక్చరు అంత చేదుగా ఉండేది కాదట. నా జీతంలో ఈ పని కలిసి లేదు.

అరుగు మీద తాగించిన సీసా సంగతి నేను మర్చిపోలేదు. ఆవిడ మళ్లీ డ్యూటీలో చేరాక ఒకరోజు ఉదయం, నా కిటికీ ముందు రోగులు వరసగా నిలబడి ఉండగా, పక్కనుంచి వచ్చి, "కాస్త దగ్గు మందు ఇవ్వవయ్యా," అన్నారు.

"సీసా తెచ్చారాండీ?"

"ఏ సీసా?"

"పాత సీసా. నలుచదరందండీ. అది తిరిగివ్వందే ఇంకో సీసా ఇవ్వడానికి లేదు. ఈ ఆసుపత్రిలో ఒక రూలుందండీ. పెట్టినావిడ చాలా కఠినురాలు."

వరసలో ఉన్నవాళ్లు ఊపిరి బిగపట్టారు. ఆవిడ నన్ను చూసిన చూపు వివరించను. ఎండలో క్వార్టర్సుకి నడిచి వెళ్లి, సీసా పట్టుకుని వచ్చారు. మూతతో సహా. వరసలో నిలబడమన్నాను. నిలబడ్డారు! తన వంతు వచ్చాక గట్టు మీద సీసా పెట్టారు. నేను దాన్ని తాకకుండా, తలకాయ వంచి చూసి, నా గొంతులోకి ఆవిడ గొంతు తెచ్చుకుని అన్నాను.

"అడుగున మడ్డి ఉందండీ."

"ఎక్కడుంది? లేదు!"

"నాకు కనపడుతోందండీ. వెలుతురులో పెట్టి చూడండి."

ఆవిడ కోపంగా సీసా లాక్కుని, పాత అలవాటు ప్రకారం కుడి చేత్తోనే, తల మీదుగా ఎండకి ఎత్తి పట్టుకున్నారు. మోచెయ్యి నిటారుగా, బొగ్గు పట్టీకి ఎంతో పైన.

"చూడు! ఎక్కడయ్యా మడ్డి? చూడు సరిగ్గా!"

నేను చూస్తూనే ఉన్నాను. సీసా వైపు కాదు. ఇంకాస్త పైకి ఎత్తమన్నాను.